పిల్లలకి క్రోషే వేసవి అల్లికలు: ఏళ్ళ తరబడి వాడి చూశాక

క్రోషేతో, అంటే కొక్కెం సూదితో (హుక్), చిన్నపిల్లలకి అల్లే వేసవి వస్తువుల్లో సగం ఫోటో దిగేదాకానే బాగుంటాయి. టోపీలు, తల పట్టీలు, క్లిప్పులు, బుల్లి చెప్పులు, బిబ్బులు, భుజానికి తగిలించుకునే సంచులు అన్నీ అల్లాను, ఇంకా అల్లుతూనే ఉన్నాను. మా పిల్లలు, అక్కచెల్లెళ్ళ పిల్లలు వాటిని పెట్టుకున్నారు, నమిలారు, మట్టిలో ఈడ్చారు. ఉతికింది నేనే. ఎలా అల్లాలో చూపించే వీడియోలు బోలెడు ఉన్నాయి కాబట్టి ఆ జోలికి పోను. అల్లినవాటిలో ఏది మూడో వేసవికి కూడా వాడకంలో ఉంది, ఏది అలమారలోనే ఉండిపోయింది అన్నదే చెప్తాను.

ముందు దారం. వేసవికి నూలే. యాక్రిలిక్ అనే కృత్రిమ దారం తేలిక, రంగు పోదు, ఉతికితే ఇట్టే ఆరిపోతుంది, కానీ చెమట పీల్చదు. కాసేపు ఆడాక టోపీ తీసి చూస్తే పిల్లాడి నెత్తి తడిసి ముద్దయి ఉంటుంది, టోపీ మాత్రం దాదాపు పొడిగానే ఉంటుంది. వెదురు దారం అని అమ్మేది చాలావరకు వెదురు గుజ్జు నుంచి తీసిన విస్కోస్. పట్టులా జారుతుంది, ఒంటికి చల్లగా హాయిగా ఉంటుంది. అయితే విస్కోస్ తడిస్తే బలహీనపడుతుంది, నూలు తడిస్తే ఇంకా బలపడుతుంది. రోజు విడిచి రోజు ఉతకాల్సిన వస్తువుకి నేను ఏది ఎంచుకుంటానో వేరే చెప్పక్కర్లేదు. సగం నూలు, సగం యాక్రిలిక్ కలిపిన దారం తేలిగ్గా ఉండి సాగిపోకుండా నిలుస్తుంది కానీ, కొన్ని ఉతుకులకే ఉండలు కడుతుంది.

నూల్లోనూ మెర్సరైజ్డ్ వేరు, మామూలుది వేరు. 1844లో జాన్ మెర్సర్ అనే ఇంగ్లండ్ ఆయన నూలుని కాస్టిక్ సోడాలో ముంచితే పోగు ఉబ్బి, గట్టిపడి, రంగు బాగా పడుతుందని కనిపెట్టాడు, 1850లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ మెరుపు మాత్రం తర్వాత 1890 ప్రాంతంలో వచ్చింది, హోరేస్ లో (Lowe) అనే ఆయన దారాన్ని బిగలాగి పట్టి ముంచడం మొదలుపెట్టాక. వాడకంలో ఈ తేడా కళ్ళకి కట్టినట్టు తెలుస్తుంది. మెర్సరైజ్డ్ దారంతో అల్లిన టోపీ అంచు ఎన్ని ఉతుకులైనా నూగు లేవకుండా స్పష్టంగా ఉంటుంది. మామూలు నూలు మెత్తగా ఉంటుంది, నీళ్ళు చప్పున పీలుస్తుంది, కానీ రెండో వేసవికల్లా నూగు లేచి వెలిసిపోతుంది. అందుకే టోపీకీ సంచీకీ మెర్సరైజ్డ్, చొంగ తుడిచే బిబ్బుకి మామూలుది వాడతాను. పిల్లలు నోట్లో పెట్టుకోనిది ఏదీ ఉండదు గనుక దారం లేబుల్ మీద ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 గుర్తు, అంటే హానికరమైన రసాయనాల కోసం పరీక్షించారని చెప్పే గుర్తు, ఉందేమో చూస్తాను. అందులో మొదటి తరగతి మూడేళ్ళ లోపు పిల్లల వస్తువులకి పెట్టింది, నాలుగు తరగతుల్లో అదే అన్నింటికన్నా కఠినం.

మెర్సరైజ్డ్ దారంతో ఒక చిక్కుంది: జారుడు. మొదటి కుట్లన్నిటినీ ఒక దారపు ఉంగరం చుట్టూ అల్లి, దారం కొస లాగి బిగించడాన్ని మ్యాజిక్ రింగ్ అంటారు. మ్యాజిక్ రింగ్‌తో మొదలుపెట్టిన టోపీ నడినెత్తి మీద, నాలుగైదు ఉతుకుల తర్వాత చిన్న కన్నం కనిపిస్తుంది. రోజురోజుకీ పెద్దదవుతుంది. కొసని ఒకవైపే దూర్చి కత్తిరించేస్తే ఇది తప్పదు. రింగ్ చుట్టూ కొసని ఒక పూర్తి చుట్టు తిప్పి, ఒక కుట్టు దాటేసి, మళ్ళీ వెనక్కి వ్యతిరేక దిక్కులో ఇంకో చుట్టు తిప్పాలి. ఆ వెనక్కి తిరిగే మలుపే దారాన్ని పట్టి ఉంచుతుంది. కొస కనీసం 15 సెంటీమీటర్లు వదలకపోతే ఇదంతా కుదరదు. దారం పొదుపు చేద్దామనుకునే చోటు ఇది కాదు.

హుక్కుల గురించి క్లుప్తంగా. వేసవిలో చేతులు చెమటపడతాయి, వెదురు హుక్ మీద నూలు పట్టేసి కదలదు. అల్యూమినియంది హాయిగా జారుతుంది. రంగు పూతవి మాత్రం మెడ దగ్గర పూత అరిగిపోతాయి, ఆ గరుకుకి దారం పోగులు విడిపోతాయి. రబ్బరు పిడి ఉన్న మామూలు అల్యూమినియం హుక్ 3 మిల్లీమీటర్లది ఒకటి, 2.5ది ఒకటి ఉంటే ఇక్కడ చెప్పినవన్నీ అల్లుకోవచ్చు. లేబుల్ మీద 3.5 లేదా 4 వాడమని ఉన్నా సరే, ఎండ టోపీకి నేను 3 దాటను. కారణం కింద ఉంది.

ఇక టోపీ. వీటన్నిటిలో అల్లడానికి పెట్టిన శ్రమకి నిజంగా గిట్టుబాటయ్యేది ఇదొక్కటే, అందుకే దీని గురించి ఎక్కువ చెప్తాను.

క్రోషే టోపీ కొన్నా, అల్లినా ముందు ఒక పరీక్ష చేయండి. ఎండలో నేల మీదకి దాని నీడ పడేలా పట్టుకోండి. నీడ నిండుగా పడితే సరే. జల్లెడలోంచి పడినట్టు చుక్కలు చుక్కలుగా వెలుతురు పడిందా, పిల్లల నెత్తి మీద కూడా అలాగే పడుతుంది. అందంగా ఉందని అందరం అల్లే పూల అల్లిక, నత్తగుల్ల అల్లిక టోపీలు ఈ పరీక్షలో తప్పుతాయి. పోనీ మొత్తం బిగుతుగా సింగిల్ క్రోషే అనే పొట్టి కుట్టుతో అల్లితే గాలి ఆడదు, పిల్లలు రెండు నిమిషాల్లో పీకి పారేస్తారు. ఈ రెండింటి మధ్యే అసలు తంటా. నాకు కుదిరిన దారి ఇది: నడినెత్తి, అంచు రెండూ 3 మిల్లీమీటర్ల హుక్‌తో బిగుతు సింగిల్ క్రోషే, చెవులకి పైన చుట్టూతా రెండు మూడు వరసలు మాత్రం కన్నాలున్న అల్లిక. ఎండ పైనుంచి పడుతుంది, గాలి పక్కనుంచి ఆడుతుంది. జుట్టు సరిగ్గా రాని పాపాయికైతే లోపల పలచని మల్లు గుడ్డ గుండ్రంగా కత్తిరించి కుట్టేస్తాను. అయినా ఆరు నెలల లోపు పిల్లల్ని నేరు ఎండకి దూరంగా ఉంచమనే అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతుంది. ఆ వయసుకి నీడే టోపీ.

కొలతలు. పుట్టినప్పుడు తల చుట్టుకొలత దాదాపు 35 సెంటీమీటర్లు, ఏడాదికి 46 అటూ ఇటూ. అంటే మొదటి ఏడు అల్లిన టోపీ ఆ వేసవి పూర్తయ్యేదాకా కూడా పట్టకపోవచ్చు. ఆ తర్వాత తల ఎదుగుదల బాగా నెమ్మదిస్తుంది, ఐదేళ్ళకి 51 చుట్టుపక్కల ఉంటుంది. కష్టపడి మంచి దారంతో అల్లేదేదో రెండేళ్ళు నిండాక అల్లండి, మూడు వేసవులు వస్తుంది. మా చెల్లి కూతురి నీలం టోపీ అలాగే వచ్చింది.

46 సెంటీమీటర్ల తలకి టోపీ 45 ఉండాలి, ఎందుకంటే నూలు వాడేకొద్దీ సాగుతుందే గానీ మళ్ళీ దగ్గరకి రాదు. 45ని 3.14తో భాగిస్తే 14.3. నడినెత్తి బిళ్ళ ఆ వెడల్పుకి రాగానే కుట్లు పెంచడం ఆపేయాలి. నా చేతి బిగుతుకి 8 పోగుల నూలుతో, 6 కుట్లతో మొదలై చుట్టుకి 6 చొప్పున పెంచితే 16వ చుట్టుకి 96 కుట్లు వస్తాయి, లెక్క అక్కడికి సరిపోతుంది. పెంచే కుట్లు ప్రతిసారీ ఒకదాని మీద ఒకటి పడితే బిళ్ళ ఆరు మూలలుగా తేలుతుంది, కాబట్టి చుట్టు మార్చి చుట్టు వాటిని పక్కకి జరపాలి. మొత్తం లోతు 15 సెంటీమీటర్ల దగ్గర ఆపుతాను. 50 గ్రాముల ఉండ ఒకటి చాలదు, రెండు తీసుకోండి, ఒకే రంగు లాట్ నంబర్ (ఒకే విడతలో రంగు వేశారని తెలిపే అంకె) చూసి మరీ.

అంచు దగ్గరే చాలా టోపీలు ఓడిపోతాయి. వెడల్పుగా ఉంటే నీడ ఎక్కువ అనుకుంటాం కానీ 5 సెంటీమీటర్లు దాటితే నూలు అంచు తడికీ బరువుకీ వాలిపోయి కళ్ళ మీద పడుతుంది. చిన్నపిల్లల బండిలో పడుకున్న పాపాయికైతే వెనక అంచు దిండుకి తగిలి టోపీని ముందుకి తోస్తుంది. పాపం, ముక్కు దాకా టోపీలో మునిగిపోయి ఏడుస్తుంది. అందుకని ముందు 5, వెనక 2 ఉండేలా అల్లుతాను. బిరుసు కోసం గంజి పెట్టడం, తీగ దూర్చడం వద్దు. గంజి ఎలాగూ నమిలి మింగేస్తారు, తీగ ఎప్పటికైనా బయటికి పొడుచుకొస్తుంది. చివరి చుట్టు వెనక్కి అల్లుకుంటూ పోయే క్రాబ్ స్టిచ్ వేస్తే అంచు తాడులా గట్టిగా నిలబడుతుంది. దానికి మణికట్టు నొప్పి పుడుతుంది, నిజమే. వేసినచోటల్లా మూడో ఏడు కూడా అంచు ముడుచుకోలేదు.

గడ్డం కింద కట్టే తాళ్ళు నేను పూర్తిగా మానేశాను. గాలికి ఎగిరిపోతుందని అమ్మమ్మలు, నాన్నమ్మలు పట్టుబడతారు, నాకూ తెలుసు. ఐరోపాలో పిల్లల దుస్తుల తాళ్ళకి ఈఎన్ 14682 అని ఒక ప్రమాణం ఉంది, ఏడేళ్ళ లోపు పిల్లల దుస్తుల్లో తల, మెడ దగ్గర లాగి బిగించే తాళ్ళు ఉండకూడదంటుంది. మెడకి బిగుసుకునే ప్రమాదం అలాంటిది మరి. తాళ్ళకి బదులు లోపలి చుట్టులో వెనక కుట్టుపోగు మాత్రమే పట్టి నాలుగు వరసల రిబ్ (సాగి మళ్ళీ పట్టుకునే చారల అల్లిక) అల్లితే అదే తలని పట్టుకుంటుంది. సన్న ఎలాస్టిక్ కలిపి అల్లినవి మొదటి వేసవి బాగుంటాయి, వేడినీళ్ళు తగిలాక వదులైపోతాయి.

తల పట్టీలకి నా ఓటు లేదు. ఏడాది లోపు పాపాయికి పువ్వు కుట్టిన పట్టీ పెడితే ముద్దొస్తుంది, ఒప్పుకుంటాను. కానీ అది జారేది కిందికే: కళ్ళ మీదికి, ముక్కు మీదికి. నిద్రలో అసలు ఉంచకూడదు. బిగుతుగా అల్లితే నుదుటి మీద గీత పడుతుంది. పువ్వు మధ్యలో గుండీ, పూస కుట్టకండి. మూడేళ్ళ లోపు పిల్లల బొమ్మలకి 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న గొట్టంలో పట్టే ముక్క ఉండకూడదని నియమం ఉంది. మన గుండీలు, పూసలు అందులో పడిపోయేంత చిన్నవే. ఆ చోట పసుపు దారంతో నాలుగు పొడవు కుట్లు వేసినా పువ్వు పువ్వులాగే ఉంటుంది.

క్లిప్పులు, జుట్టు రబ్బరు మీద అల్లే స్క్రంచీలు నాలుగేళ్ళు దాటిన ఆడపిల్లలకి బ్రహ్మాండం. మిగిలిపోయిన దారం అంతా ఇక్కడే ఖర్చు పెడతాను. పువ్వుని క్లిప్పుకి గ్లూ గన్‌తో అంటించినవి ఎండలో బండిలో వదిలేస్తే ఊడి చేతికొస్తాయి. దారంతో కుట్టినవి ఇంతవరకూ ఊడలేదు. ఒకసారి "పెద్దమ్మా, ఇది గుచ్చుతోంది" అంటూ తెచ్చిచ్చింది మా చెల్లి కూతురు. చూస్తే క్లిప్పు వెనక ఇనుప మూల. అప్పటినుంచి క్లిప్పు పైరేకుకి ముందు ఒక చిన్న అల్లిక తొడుగు వేసి, దాని మీదే పువ్వు కుడుతున్నాను.

బుల్లి చెప్పులు, వేసవి బూటీల విషయంలో నాకు కాస్త భయమే. కన్నాల అల్లికలో చిన్న కాలి వేలు దూరి ఇరుక్కుంటుంది, లోపల వదిలేసిన దారం కొస వేలికి చుట్టుకుంటే రక్తం ఆడక వేలు వాస్తుంది. ఇలాంటివి పిల్లల డాక్టర్లకి బాగా తెలిసిన కేసులే. అల్లి తీరాలనుకుంటే వేళ్ళ భాగం పూర్తిగా తెరిచి ఉంచండి, లేదా బిగుతుగా మూసేయండి, తొడిగేముందు లోపలికి తిప్పి చూడండి. నడిచే పిల్లలకి మాత్రం వద్దు, నున్నటి నేల మీద నూలు అడుగు జర్రున జారుతుంది.

బిబ్బు బాగుంటుంది, మందంగా ఉంటే ఆరడానికే ఒక పూట పడుతుంది, కాబట్టి ఒకటి కాదు నాలుగు కావాలి. సంచీ విషయం వేరు. వల అల్లికతో చిన్న సంచీ అల్లి ఇస్తే పిల్లలు బొమ్మలు, గులకరాళ్ళు, ఇసకలో ఆడే గిన్నెలు అన్నీ అందులోనే మోస్తారు, ఇసక దానంతటదే రాలిపోతుంది. పట్టీ మాత్రం సాగి మోకాళ్ళ దాకా వస్తుంది. పట్టీని అడ్డంగా కాకుండా పొడవునా అల్లి, రెండు అంచులకీ స్లిప్ స్టిచ్ అనే అతి పొట్టి కుట్టు వేస్తే సాగడం చాలా తగ్గుతుంది. మెడలో అడ్డంగా వేసుకోవడం కన్నా చేత్తో పట్టుకునే పొట్టి పిడి చిన్నపిల్లలకి మేలు.

ఉతుకు సంగతి. ముదురు ఎరుపు, ముదురు నీలం దారాల్ని తెల్లదానితో కలిపి అల్లే ముందు ఒక మూర కత్తిరించి తడిపి తెల్ల గుడ్డలో నొక్కి చూడండి. వెనిగర్‌లో నానబెడితే రంగు నిలుస్తుందని చాలామంది చెప్తారు. ఉన్నికి, పట్టుకి వేసే యాసిడ్ రంగుల విషయంలో ఆ మాటకి అర్థం ఉంది, నూలు రంగుల్ని అది పట్టి ఉంచదు. తడి అల్లికని తీగ మీద వేలాడదీస్తే నీళ్ళ బరువుకి సాగిపోతుంది. తువ్వాల్లో చుట్టి పిండి, టోపీని బోర్లించిన గిన్నె మీద పెట్టి నీడలో ఆరబెట్టాలి.

పట్టని టోపీల్ని పారేయకండి. మెర్సరైజ్డ్ దారం విప్పితే నూగు లేకుండా చక్కగా వస్తుంది. వంకర్లు పోవడానికి దాన్ని చిలపలా చుట్టి, నాలుగు చోట్ల వదులుగా కట్టి, గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి ఆరేస్తే చాలు. నడినెత్తి దగ్గర పైన చెప్పినట్టు కొసని రెండు దిక్కులా తిప్పి ఉంటే అక్కడ మాత్రం విప్పడానికి సూది, ఓపిక రెండూ కావాలి. నేనైతే అక్కడి మొదటి నాలుగు చుట్లు కత్తిరించేసి మిగతాది విప్పుకుంటాను.