బాంబర్ విమానంలో పోయినవాడి జాడ కోసం వెళ్తే: రన్నీమీడ్, లింకన్, ఈస్ట్ కర్క్‌బీ

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ బాంబర్ కమాండ్ (వైమానిక దళంలో బాంబు విమానాల విభాగం) పోగొట్టుకున్న విమాన సిబ్బంది 55 వేలకు పైనే. వాళ్లలో ఒకరి జాడ కోసం ఇంగ్లండ్ వెళ్లేవాళ్లు టికెట్ కొనకముందే తేల్చుకోవాల్సింది ఒకటుంది: శవం దొరికిందా, లేదా? దొరక్కపోతే పేరు లండన్ దగ్గర్లోని రన్నీమీడ్ స్మారకం మీద ఉంటుంది. దొరికుంటే సమాధి చాలామటుకు జర్మనీలోనో నెదర్లాండ్స్‌లోనో ఉంటుంది, రన్నీమీడ్‌లో ఎంత వెతికినా కనపడదు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు కొడితే ప్యానెల్ నంబరో సమాధి నంబరో వస్తుంది. ‘కలెక్టివ్ గ్రేవ్’ అని ఉంటే, ఎవరు ఎవరో తెలియక కలిపి పూడ్చారన్నమాట.

ఎక్కువమంది పొరబడేది తేదీ దగ్గర. దాడులు రాత్రిపూట కాబట్టి బయల్దేరింది ఒక తేదీ, చనిపోయింది మర్నాడు. 1944 మార్చి 30 రాత్రి న్యూరెంబర్గ్ మీదికి వెళ్లినప్పుడు 95 విమానాలు పోయాయి. ఆ మృతుల్లో చాలామందికి మార్చి 31 అని రాసుంటుంది. లండన్ శివారులోని నేషనల్ ఆర్కైవ్స్‌లో స్క్వాడ్రన్ రికార్డులు ‘ఎయిర్ 27’ వరుసలో ఉంటాయి. వాటిని బయల్దేరిన తేదీతో వెతకాలి. ఆ రికార్డుల్లోని ఫారం 541లో విమానం నంబరు, సిబ్బంది పేర్లు, లేచిన వేళ దొరుకుతాయి. తిరిగిరాని విమానం గురించి మాత్రం ఒకటి రెండు ముక్కలకు మించి ఉండవు.

రన్నీమీడ్‌కి ఎగమ్ స్టేషన్‌లో దిగి కొండెక్కాలి. మోకాళ్లు సహకరించకపోతే టాక్సీయే నయం. ఇరవై వేలకు పైగా పేర్లు: ముందు సంవత్సరం, తర్వాత దళం, ర్యాంకు, ఆపైన అక్షరక్రమం. ర్యాంకు తెలియకుండా వెళ్తే తిరగడమే సరిపోతుంది. పేర్లు సన్నటి కిటికీల పక్కరాళ్ల మీద చెక్కారు. ఎదురుగా నిలబడి ఫొటో తీస్తే అక్షరాలు తేలవు, వెలుతురు ఏటవాలుగా పడే వైపు నుంచి తీయాలి. లండన్ గ్రీన్ పార్క్‌లోని స్మారకానికి అరగంట చాలు. ఏడుగురి కంచు విగ్రహాలు బావుంటాయి కానీ అక్కడ మృతుల పేర్లు ఉండవు.

రెండు రోజులు కేటాయించాల్సింది తూర్పు ఇంగ్లండ్‌లోని లింకన్‌కే. బాంబర్ కమాండ్ స్మారక కేంద్రం ఉన్నది అక్కడే. కాన్విక్ హిల్ మీద 31 మీటర్ల ఉక్కు స్తంభం ఉంది, లాంకాస్టర్ బాంబర్ విమానం రెక్కల పొడవు అంతే. చుట్టూ తుప్పురంగు పలకల్లో 58 వేల దాకా పేర్లు ఆరపార కోసి ఉన్నాయి. అక్షరాల సందుల్లో జనం ఎర్రటి పాపీ పూలు గుచ్చిపోతారు. కొన్ని స్క్వాడ్రన్లు కలిస్తే ఒక గ్రూపు. 1, 5 గ్రూపుల వాళ్లు ఒక వైపు, మిగతా గ్రూపులు వేరే. అందుకే స్క్వాడ్రన్ ఏ గ్రూపుదో ముందే చూసుకోవాలి.

కారు లేనివాళ్లు లింకన్‌లోనే దిగడం మేలు. అదే జిల్లాలో ఉన్న వుడ్‌హాల్ స్పాలోని పెట్‌వుడ్ హోటల్, జర్మనీ ఆనకట్టలు పేల్చి పేరుపొందిన 617 స్క్వాడ్రన్‌కి యుద్ధకాలంలో ఆఫీసర్ల మెస్ కాబట్టి చాలామంది అక్కడికే పరిగెడతారు. అయితే ఆ ఊరికి రైలు లేదు. పైగా గన్నర్లలో, ఫ్లైట్ ఇంజనీర్లలో ఎక్కువమంది సార్జెంట్లు. మీరు వెతికేది సార్జెంట్‌నైతే అతను ఆ మెస్‌లో ఉండనే లేదు.

లింకన్‌షైర్‌లోనే ఉన్న ఈస్ట్ కర్క్‌బీ మ్యూజియం న్యూరెంబర్గ్ దాడిలో చనిపోయిన క్రిస్టఫర్ పాంటన్ జ్ఞాపకార్థం అతని తమ్ముళ్లు పెట్టింది. అక్కడి లాంకాస్టర్ ‘జస్ట్ జేన్’ ఎగరదు కానీ ఇంజన్లు వేసి నేల మీద నడుపుతారు. అందులో ఎక్కాలంటే ముందే బుక్ చేసుకోవాలి, మరమ్మతుల కాలంలో ఆ అవకాశం ఉండదు. లోపల రెక్కల దూలాలు దారికడ్డంగా ఉంటాయి, వాటిని ఎక్కి దాటాలి. తోకలోని టరెట్ (తుపాకులు పట్టుకుని గన్నర్ కూర్చునే గూడు) చూడండి: గన్నర్ ఒళ్లు పట్టేంత చోటే ఉంటుంది. అందుకే చాలా విమానాల్లో అతని పారాచూట్‌ను టరెట్ బయట, అతని వీపు వెనక విమానం లోపల తగిలించేవారు.