అంబాసిడర్‌కి సైడ్ అద్దాలు: తొమ్మిదేళ్లలో మూడు జతలు

మా బండి 1986 అంబాసిడర్, మార్క్ 4. పెట్రోలు ఇంజిన్, 1489 సీసీ, స్టీరింగ్ గేరు, ముందు పొడుగాటి బెంచీ సీటు. నాన్న కొన్నప్పుడు దానికి బయట ఒక్కటే అద్దం, అదీ కుడివైపు. ఎడమవైపు ఏమీ లేకుండానే ఆయన ఇరవై ఏళ్లు విజయవాడ నుంచి రాజమండ్రికి తిరిగారు. అడిగితే "వెనకొచ్చేవాడు హారన్ కొడతాడు కదరా" అనేవారు. ఆ రోజుల్లో సరిపోయింది. ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర ఎడమపక్క సందులోంచి ఒకేసారి నాలుగు స్కూటర్లు దూరుతుంటే హారన్ కోసం చూసే టైమెక్కడిది?

బండి నా చేతికొచ్చి తొమ్మిదేళ్లయింది. ఇంజిన్ బోరింగ్ చేయించాను, సీట్లు కుట్టించాను. వాటి గురించి పెద్దగా చెప్పాల్సిందేమీ లేదు, డబ్బులిస్తే అయిపోయే పనులు. నన్ను ఎక్కువ తిప్పింది ఈ అద్దాలే. మూడు జతలు మార్చాను, బండికి అనవసరంగా నాలుగు రంధ్రాలు పెట్టాను.

మొదటి జత ముందు మడ్‌గార్డ్‌ల మీద నిలబడే గుండ్రటి క్రోమ్ అద్దాలు. పాత ఫోటోల్లో చూసి ముచ్చటపడ్డాను. ఆటోనగర్‌లో ఒక పాత సామాన్ల కొట్లో అట్టపెట్టె విప్పకుండా దొరికాయి. బిగించిన రోజు బండి చూడాలి, మీసం మెలేసినట్టుంది. వీధిలో వాళ్లు ఆగి ఫోటోలు తీసుకున్నారు.

కష్టం మర్నాడు మొదలైంది. మడ్‌గార్డ్ మీది అద్దం సీట్లో కూర్చుంటే చేతికందదు. ఒకరు లోపల, ఒకరు బయట ఉండాలి. మా అమ్మాయిని బయట నిలబెట్టాను.

"నాన్నా, ఇప్పుడేం కనిపిస్తోంది?"

"నువ్వే కనిపిస్తున్నావమ్మా, రోడ్డు కనిపించట్లేదు. కొంచెం పక్కకి జరుగు."

"నేను జరిగితే అద్దం ఎవరు తిప్పుతారు?"

అరగంట పట్టింది. మర్నాడు ఎవరో స్కూటర్ పెట్టుకుంటూ మోచేత్తో తగిలించి పోయారు. మళ్లీ మొదటికొచ్చింది.

దానికన్నా పెద్ద తంటా ఆ అద్దంలో ఏమీ కనబడకపోవడం. సీట్లో కూర్చుని టేపు పెట్టి కొలిచాను. నా కంటి నుంచి కుడి మడ్‌గార్డ్ అద్దానికి 170 సెంటీమీటర్లు. అద్దం వెడల్పు 10 సెంటీమీటర్లు, లోపల మామూలు సమతల గాజు. లెక్క వేస్తే, ఒక కన్నుతో చూసినప్పుడు 20 మీటర్ల వెనక రోడ్డు మీద కనబడేది 1.3 మీటర్ల పట్టీ మాత్రమే. మా బండి వెడల్పే అంతకన్నా ఎక్కువ. అదే అద్దాన్ని డోర్ మీద, కంటికి 65 సెంటీమీటర్ల దూరంలో పెడితే 3.2 మీటర్ల పట్టీ కనబడుతుంది. గాజు అదే, సైజు అదే. పెట్టిన చోటును బట్టి ఇంత తేడా.

సరే, ఉబ్బు గాజు వేస్తే పోలా అనుకున్నాను. పదో తరగతిలో కుంభాకార దర్పణం అని చదువుకున్నాం కదా, అదే. ఎక్కువ వెడల్పు చూపిస్తుంది, బొమ్మను చిన్నది చేస్తుంది. ఎంత చిన్నది చేస్తుందన్నది అద్దం కంటికి ఎంత దూరంలో ఉందన్న దాన్ని బట్టి కూడా మారుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. వంపు వ్యాసార్థం 1.2 మీటర్లు ఉన్న ఉబ్బు గాజు తీసుకోండి. యూరప్‌లో కార్ల సైడ్ అద్దాలకు ఇంతకంటే ఎక్కువ ఉబ్బు ఉండకూడదని నియమం. దాన్ని డోర్ మీద పెడితే 20 మీటర్ల వెనకున్న లారీ, మామూలు అద్దంలో కనబడే దానిలో దాదాపు సగం సైజులో ఉంటుంది. మడ్‌గార్డ్ మీద పెడితే పావు వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. లారీ అగ్గిపెట్టంత ఉంటుంది, దూరంగా ఉందిలే అనుకుంటాం, అది మన డిక్కీ మీదే ఉంటుంది.

అమెరికాలో మన పిల్లలు నడిపే కార్లలో డ్రైవర్ పక్క అద్దం సమతలంగా, అవతలి పక్కది ఉబ్బుగా ఉండి, దాని మీద 'అద్దంలో కనిపించే దానికన్నా వస్తువులు దగ్గరగా ఉన్నాయి' అని రాసి ఉంటుంది. మా తమ్ముడు ఇండియా వచ్చినప్పుడల్లా నా ఉబ్బు అద్దాన్ని చూసి అదెక్కడ రాసి ఉందని అడుగుతాడు. మనకు రాయక్కర్లేదురా, ఇక్కడ అందరూ దగ్గరగానే ఉంటారు అంటాను.

మడ్‌గార్డ్ అద్దాలకు ఒక న్యాయం మాత్రం చేయాలి. తల తిప్పక్కర్లేదు, ముందు గ్లాసులోంచే చూడొచ్చు, వానలో వైపర్ తుడిచిన చోటే కనబడతాయి. జపాన్‌లో 1983 దాకా కార్లకు డోర్ అద్దాలకు అనుమతి లేదు, అన్నీ మడ్‌గార్డ్ మీదే ఉండేవి. ఆ తర్వాత కూడా అక్కడి టాక్సీల మీద చాలాకాలం అవే నడిచాయి. హైవే మీద ఒకే లైనులో పోయేవాళ్లకు బాగానే ఉంటాయి. మన ఊళ్లో ఆవులు వాటికి మెడ గోక్కుంటాయి. రెండేళ్ల తర్వాత పీకేశాను.

రెండో జత గురించి ఎక్కువ చెప్పను. బండికి కొత్త రంధ్రాలు పెట్టడం ఇష్టం లేక డోర్ అంచును పట్టుకునే క్లాంప్ రకం కొన్నాను. డోర్‌కీ మడ్‌గార్డ్‌కీ మధ్య సందు తక్కువ, తలుపు తీసి వేసినప్పుడల్లా క్లాంప్ రాసుకుని పెయింట్ లేచిపోయింది. బండి అరవై దాటితే అద్దం వణుకుతుంది, వెనకొచ్చే బస్సు నీళ్లలో నీడలా అల్లల్లాడుతుంది. ఆరు నెలల్లో తీసేశాను. ప్రదర్శనకు మాత్రమే తీసే బండైతే, రంధ్రాలు వద్దనుకుంటే, అప్పుడు ఫర్వాలేదు.

మూడో జతే ఇప్పుడున్నది, ఆరున్నరేళ్లుగా ఉంది. డోర్ మీద స్క్రూలతో బిగించే, పొట్టి కాడ ఉన్న 4 అంగుళాల గుండ్రటి క్రోమ్ అద్దాలు. లోపల వచ్చిన సమతల గాజు తీయించి రెండింటికీ ఉబ్బు గాజు వేయించాను. పెద్ద లారీ అద్దంలోంచి గుండ్రంగా కోసి ఇచ్చారు. మొదటి రెండు ముక్కలు కోతలోనే పగిలాయి, తర్వాతి రెండూ నిలిచాయి. కొనేటప్పుడు కాడ అడుగున స్ప్రింగ్ ఉందో లేదో చూడండి. తగిలితే మడతపడి మళ్లీ లేవాలి. కదలని కాడైతే మార్కెట్ సందులో ఒక్క బైకు చాలు, అద్దంతో పాటు డోర్ రేకు కూడా లాక్కుపోతుంది.

ఎక్కడ పెట్టాలన్న దాని మీదే నాకూ మేస్త్రీకీ వాదన నడిచింది. అంబాసిడర్ ముందు డోర్‌లో, గాలి కోసం తిప్పుకునే మూడు మూలల చిన్న గ్లాసు ఒకటుంటుంది కదా. దానికీ పెద్ద గ్లాసుకీ మధ్య నిలువు కడ్డీ ఉంటుంది. పాత కార్లలో అద్దం స్థానాన్ని తేల్చేది ఆ కడ్డీయే. సీట్లోంచి చూసినప్పుడు అద్దం సరిగ్గా కడ్డీ చాటున పడితే సగం అద్దం పోయినట్టే. కడ్డీకి ముందు పెడితే చిన్న గ్లాసు తెరిచినప్పుడు దాని వెనక అంచు బయటికి తిరిగి అద్దానికి కొట్టుకుంటుంది.

"రెండు పక్కలా ఒక్క కొలతే పెడదాం బాబూ, చూడ్డానికి బాగుంటుంది" అన్నాడు మేస్త్రీ.

నేను ఒప్పుకోలేదు. డ్రైవర్ మధ్యలో కూర్చోడు కదా. కుడి డోర్ మీద అద్దాన్ని కడ్డీకి వెనక, నాలుగు వేళ్ల దూరంలో పెట్టించాను. కిటికీ గ్లాసు దించి ఉంటే మధ్యలో ఏ అడ్డూ లేదు, చెయ్యి బయట పెడితే అందుతుంది, చిన్న గ్లాసు పూర్తిగా తిరుగుతుంది. ఎడమ డోర్‌కి కూడా అక్కడే పెడితే పక్క సీట్లో వాళ్లు అడ్డం. మాది బెంచీ సీటు, పెళ్లిళ్లకు పోతే ముందే ముగ్గురం కూర్చుంటాం. మా ఆవిడ ఒళ్లో పూలబుట్ట పెట్టుకుని కాస్త ముందుకు వంగిందంటే ఎడమ అద్దం మాయం. అందుకని ఎడమది కడ్డీకి ముందు, డోర్ ముందు మూలకి జరిపించాను. చిన్న గ్లాసులోంచి కనబడుతుంది. ఫలితం ఏమిటంటే ఎడమ చిన్న గ్లాసు ఇప్పుడు సగమే తెరుచుకుంటుంది. ఎండాకాలంలో మా ఆవిడ ఆ సంగతి గుర్తుచేస్తూ ఉంటుంది. ముందు నుంచి చూస్తే రెండు అద్దాలూ సమానంగా లేవు, నిజమే. సీట్లోంచి చూస్తే ఆ తేడా తెలియదు.

డ్రిల్లు పెట్టే ముందు చేయాల్సిన పని ఒకటుంది, నేను చేయక దెబ్బతిన్నాను. అద్దాన్ని మెత్తటి మైనంతోనో, రెండు పక్కలా అంటుకునే టేపుతోనో తాత్కాలికంగా అంటించి, మీరు ఎప్పుడూ కూర్చునేలా కూర్చుని, నాలుగు రోజులు వీధిలోనే మెల్లగా తిప్పి చూడండి. తర్వాత పెద్ద గ్లాసు పూర్తిగా దించి, డోర్ లోపలి అట్ట ఊడదీసి, గ్లాసు రేకుకి ఎంత దగ్గరగా దిగుతోందో కళ్లారా చూడండి. మొదటిసారి వేరే వర్క్‌షాపులో ఇచ్చాను, వాళ్లు చేతికందిన పొడుగు స్క్రూలు బిగించేశారు. ఇంటికొచ్చి గ్లాసు దించాను. కర్రుమని చప్పుడు. గ్లాసు మీద పైనుంచి కిందికి వెంట్రుక మందాన ఒక గీత. ఇప్పటికీ పొద్దున్న ఎండ పడితే ఆ గీత మెరుస్తుంది.

రెండోసారి మేస్త్రీ పద్ధతిగా చేశాడు. రంధ్రం అంచులకు రెడ్ ఆక్సైడ్ పూసి ఒక పూట ఆరనిచ్చాడు. రేకు లోపలి వైపు అరచేతిలో సగమంత ఇనప పట్టీ పెట్టాడు, లేకపోతే పల్చటి రేకు అద్దం బరువుకి ఊగుతుంది. పైన అద్దం అడుగుకీ పెయింట్‌కీ మధ్య పాత ట్యూబు కోసిన రబ్బరు. పొట్టి స్టీలు స్క్రూలు. ఈ పట్టీ, రబ్బరు వేశాక వణుకు ఎంత తగ్గిందంటే, ఎనభైలో పోతున్నా వెనక లారీ మీద రాసింది చదవొచ్చు. తిరగేసి అనుకోండి.

అద్దం తిప్పుకునే పద్ధతి గురించి. మనకు నేర్పింది, అద్దంలో పావు వంతు మన బండి కనబడాలని. 1995లో జార్జ్ ప్లాట్జర్ అనే అమెరికన్ ఇంజనీరు దీన్ని తప్పుపడుతూ పత్రం రాశాడు. మన బండినే చూసుకుంటూ పక్క లైనును వదిలేస్తున్నామని ఆయన వాదన. ఆ లెక్కన కుడి అద్దానికి తల కిటికీకి ఆనించి, బండి అంచు అప్పుడే కనబడేలా తిప్పాలి. ఎడమదానికి తల బండి మధ్యకి వంచి అలాగే తిప్పాలి. నిటారుగా కూర్చుంటే బండి అసలు కనబడదు.

నేనొక్కణ్ణే ఉన్నప్పుడు ఇది బ్రహ్మాండంగా ఉంది. ఆదివారం ఖాళీ మైదానంలో పక్కింటి కుర్రాణ్ణి స్కూటర్ తోసుకుంటూ వెనక నుంచి రమ్మని, కనబడకుండా పోయిన చోటల్లా సుద్దముక్కతో గీతలు పెట్టాను. కుడివైపు స్కూటర్ బండి లోపలి అద్దంలోంచి పోగానే డోర్ అద్దంలోకి వచ్చింది, అందులోంచి పోయేలోపే కంటి కొసకు తగిలింది. ఎడమవైపు మాత్రం ఒక్క అడుగు మేర ఖాళీ మిగిలింది. అక్కడ మెడ తిప్పాల్సిందే. పాత మడ్‌గార్డ్ అద్దాలతో ఇదే పరీక్ష చేసినప్పుడు స్కూటర్ ఎనిమిది అడుగులు మాయమైంది.

అయితే ప్లాట్జర్ పద్ధతి లోపలి అద్దం బాగా పనిచేస్తుందన్న నమ్మకం మీద నడుస్తుంది. అంబాసిడర్ వెనక గ్లాసు చిన్నది. వెనక ముగ్గురు కూర్చుని, పైన పరుపుచుట్ట కూడా పెడితే లోపలి అద్దంలో తలకాయలు తప్ప ఏమీ ఉండవు. అలాంటప్పుడు బయట అద్దాల్ని కాస్త లోపలికి తిప్పుకుని, వెనక డోర్ హ్యాండిల్ సన్నగా అంచున కనబడేలా పెట్టుకుంటాను. అందుకే చేత్తో తేలిగ్గా తిరిగేవే కొనమంటాను. ఎడమదానికి పక్కసీటు వాళ్లు ఉండనే ఉన్నారు.

రాత్రిపూట ఉబ్బు గాజు ఇంకో మేలు చేసింది, వెనక హెడ్‌లైట్ల వెలుతురు అంతగా గుచ్చదు. ఇబ్బందుల్లో చెప్పుకోదగ్గది దూరం అంచనా. మొదటి నెల ఓవర్‌టేక్ చేసేటప్పుడు టెన్షన్ పడ్డాను, ఏది ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. బయట అద్దంలో చూసినదాన్ని లోపలి సమతల అద్దంలో ఇంకోసారి చూసుకోవడం అలవాటు చేసుకున్నాను. క్రోమ్ కూడా నాలుగో ఏడు నుంచి కాడ దగ్గర పొక్కులు లేస్తోంది. లోపలిది జింక్ పోత, దాన్ని ఆపలేం, మైనం రాస్తూ వాయిదా వేయొచ్చు.

ఇంకో శత్రువు పిగిలిపిట్ట. చలికాలం పోతూనే కుడి అద్దంలో తన నీడను చూసి పొద్దున్నే యుద్ధానికి దిగుతుంది, డోరంతా రెట్టలు. బండి ఇంట్లో ఉన్నంతసేపు అద్దాలకు మా వాడి పాత స్కూల్ సాక్సులు తొడుగుతున్నాను.

మడ్‌గార్డ్‌ల మీది పాత రంధ్రాలకు ప్రస్తుతానికి రబ్బరు బిళ్లలు బిగించి ఉన్నాయి. దసరాకి పెయింట్ వేయించేటప్పుడు వెల్డింగ్ పెట్టి మూసేయనా అని మేస్త్రీ అడిగాడు. చూద్దాంలే అన్నాను. ఆ గుండ్రటి జత బీరువా పైన గుడ్డలో చుట్టి ఉంది, అమ్మబుద్ధి కావట్లేదు.