హనుమకొండ, వరంగల్‌లలో ప్రకటన సేవలు: ఒక సామాన్ల దుకాణదారు సమీక్ష

ఇత్తడి, రాగి, స్టీలు సామాన్లు అమ్మే మా దుకాణం హనుమకొండలో ప్రధాన రోడ్డు మీద కాకుండా కాస్త లోపలికి, ఒక గల్లీలో ఉంది. మా గిరాకీలో పెద్ద భాగం పరకాల, నర్సంపేట, ములుగు వైపు పల్లెల నుంచి పెళ్లి సామాన్ల కోసం వచ్చే కుటుంబాలదే. శ్రావణంలో మొదలయ్యే పెళ్లిళ్ల సీజన్‌ను దృష్టిలో పెట్టుకొని హోర్డింగు, ఆర్టీసీ బస్సు వెనుక ప్రకటన, దినపత్రిక జిల్లా పేజీలో ప్రకటన, పేపరులో పెట్టి పంచే కరపత్రం, గల్లీ మొదట్లో దారి చూపే బోర్డు, ఇవన్నీ వాడి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను. దుకాణం ఉన్నదని ఊళ్లో ఉన్నవారికి తెలిపే ప్రకటన వేరు, బస్టాండులో దిగిన మనిషిని మన గడప దాకా నడిపించే ప్రకటన వేరు. ఇక్కడి ఏజెన్సీలు మొదటిదాన్నే ఎక్కువ ధరకు, ఎక్కువ ఉత్సాహంతో అమ్ముతాయి. మావంటి దుకాణాలకు గిరాకీ తెచ్చేది మాత్రం ఎక్కువగా రెండోదే.

ముందుగా హోర్డింగు సంగతి. ఏజెన్సీవారు ధర చెప్పేటప్పుడు ఇరవై బై పది, నలభై బై ఇరవై అంటూ అడుగుల లెక్కే చెబుతారు గాని, ఆ బోర్డు ముందు బండి ఎంతసేపు ఉంటుందో చెప్పరు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 11 మీటర్లు దాటుతుంది కాబట్టి, 60 మీటర్ల దూరం నుంచి కనిపించే బోర్డును చదవడానికి దొరికేది 5 సెకన్లకు కొంచెం ఎక్కువ, అంతే. ఆ వ్యవధిలో దుకాణం పేరు, ఏమి అమ్ముతామన్నది, ఎక్కడ ఉన్నామన్నది తప్ప నాలుగో సంగతి ఎవరి కంటికీ ఆనదు. అందువల్ల బండ్లు సాఫీగా సాగిపోయే చోట పెద్ద బోర్డు కంటే, సిగ్నల్ దగ్గర బండ్లు ఆగే చోట అందులో సగం ఉన్న బోర్డే మేలని నా అభిప్రాయం. హంటర్ రోడ్డు, నక్కలగుట్ట, ములుగు రోడ్డు అన్నింటికీ ఇదే కొలత పనికి వస్తుంది.

స్థలం ఎంపికలో ఏజెన్సీ చూపించే ఫొటోను పూర్తిగా నమ్మకూడదు. మాకు చూపిన ఫొటో ఆకురాలిన రోజుల్లో తీసినది. వానలు పడ్డాక పక్కనున్న వేపచెట్టు గుబురుగా పెరిగి బోర్డు కుడివైపు మూడో వంతును కప్పేసింది. మా ఫోన్ నంబరు ఆ మూడో వంతులోనే ఉంది. కొమ్మలు కొట్టించే బాధ్యత ఎవరిదో ఒప్పందంలో రాసి లేనందున ఏజెన్సీ కార్పొరేషన్ వైపు, కార్పొరేషన్ సిబ్బంది ఏజెన్సీ వైపు వేలు చూపారు. స్థల కిరాయి ఒకటి, ఫ్లెక్సీ ప్రింటింగు మరొకటి, ఎక్కించే కూలి ఇంకొకటి అన్నది కూడా బిల్లు చేతికి వచ్చేదాకా ఎవరూ విడమరచి చెప్పరు. వీటన్నింటి మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ అనుమతి పత్రం నకలు అడగండి. అది చూపడానికి వెనుకాడేవారితో బేరం వద్దు.

మేడారం జాతర ఏడాదైతే ములుగు రోడ్డు బోర్డుల లెక్కే మారిపోతుంది. రెండేళ్లకొకసారి వచ్చే ఆ జాతర 2024లో ఫిబ్రవరి 21 నుంచి 24 వరకు జరిగింది. ఆ రోజుల్లో హనుమకొండ దాటి ములుగు, పస్రా, తాడ్వాయి మీదుగా వెళ్లే జనానికి కొదవ ఉండదు. అయితే అమ్మవార్లకు ‘బంగారం’ పేరుతో సమర్పించే బెల్లం మోసుకుపోతున్న కుటుంబం దారిలో దిగి ఇత్తడి బిందె బేరమాడదు. నీళ్ల సీసాలు, బిస్కెట్లు, సెల్‌ఫోన్ కంపెనీలవారికి ఆ జనం విలువైనవారే గాని, జాతర పేరు చెప్పి పెంచిన కిరాయిని మావంటివారు భరించవలసిన పని లేదు.

ఫ్లెక్సీ డిజైన్ గురించి కొంచెం విపులంగానే చెప్పాలి, ఎందుకంటే డబ్బు ఎక్కువగా నీళ్లపాలయ్యేది ఇక్కడే. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి గనుక, ఒకే ఎత్తు గీతలో ఇంగ్లీషు అక్షరం కనిపించినంత పెద్దగా తెలుగు అక్షరం కనిపించదు. డిజైనర్లు చాలామంది ఈ తేడా పట్టించుకోకుండా రెండు వరుసల మధ్య ఎడం తగ్గించి, మిగిలిన జాగాలో దేవుడి బొమ్మో, పూల తీగో పెడతారు. మా మొదటి నమూనాలో పై వరుసలో ‘ఇత్తడి సామాన్లు’, కింది వరుసలో ‘పెళ్లి సారె’ అని ఉండగా, పై మాటలోని లావత్తు వచ్చి కింది ‘ళ్లి’ గుడికి తగిలింది. కంప్యూటర్ తెర మీద అది అందంగానే కనిపించింది. రోడ్డుకు అవతలి వైపు నిలబడి చూస్తే అక్కడ నల్లటి ముద్ద తప్ప అక్షరం లేదు. నమూనాను ఏ4 కాగితం మీద ప్రింటు తీసి, గోడకు అంటించి, గది అవతలి మూల నుంచి చదవమని ఇంట్లో పెద్దవారిని అడగడం కంటే మంచి పరీక్ష నాకు తెలియదు.

మరొక చిక్కు ఫాంటుది. మనం వాట్సాప్‌లో పంపేది యూనికోడ్ తెలుగు; డీటీపీ షాపుల్లో చాలావరకు నడిచేవి ‘అను’ అనే పేరున్న, యూనికోడ్ కాని ఫాంట్లు. మార్చేటప్పుడు ఒత్తులు తారుమారవుతాయి, లేదంటే ఆపరేటర్ మళ్లీ టైపు చేస్తూ కొత్త తప్పులు చేరుస్తాడు. కాబట్టి ఫోనులో చూసి ‘ఓకే’ అనకుండా, కాగితం మీద ప్రూఫు తీసుకొని, ఫోన్ నంబరును అంకె అంకెగా మరొకరి చేత చదివించుకోవాలి. సరుకు విషయంలో ఒక నియమం గుర్తుంచుకోవాలి: 100 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్, పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు. తక్కువ ధరకు చేసిస్తామనేవారిని ఫ్లెక్సీ మందం ఎంతో అడిగి, బిల్లు మీద రాయించుకోవడం మంచిది.

ఆర్టీసీ బస్సు వెనుక ప్రకటన నేను అనుకున్నదానికంటే బాగా పనిచేసింది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత ప్రయాణం మొదలైనప్పటి నుంచి పల్లె వెలుగు బస్సులు ఎలా కిటకిటలాడుతున్నాయో అందరికీ తెలిసినదే. సామాన్లు ఏవి కొనాలో నిర్ణయించేది కూడా ఎక్కువగా ఆ మహిళలే. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ‘ఎన్ని బస్సులు’ అని కాదు, ‘ఏ డిపో బస్సులు’ అని. మనకు కావలసిన పల్లెలకు తిరిగేవి పరకాల, నర్సంపేట డిపోల పల్లె వెలుగు బస్సులు. హైదరాబాదు పోయే ఎక్స్‌ప్రెస్ మీద మన పేరు ఎంత మెరిసినా ఉప్పల్‌లో మనకు గిరాకీ లేదు. వానాకాలంలో బస్సు వెనుక కింది భాగం బురదతో నిండిపోతుంది, కాబట్టి పేరు, చిరునామా పై సగంలో ఉండేలా డిజైన్ చేయించాలి.

దినపత్రిక ప్రకటన గురించి చెప్పవలసింది తక్కువే. 1989లో ఈనాడు జిల్లా అనుబంధాలు మొదలుపెట్టిన తరువాతనే చిన్న ఊరి దుకాణానికి పేపరు ప్రకటన అందుబాటులోకి వచ్చిందని చెప్పవచ్చు. ఇప్పుడు ప్రధాన పత్రికలన్నింటికీ జిల్లా పేజీలు ఉన్నాయి. పత్రికలో స్థలానికి జీఎస్టీ 5 శాతమే. న్యూస్‌ప్రింట్ ఇంకును పీల్చుకుంటుంది గనుక ఇత్తడి మెరుపు ఫొటోలో చచ్చిపోయి, బిందె మసిబట్టినట్టు కనిపిస్తుంది. ఫొటోకు బదులు గీతల బొమ్మ వేయించుకోవడం ఉత్తమం. కొత్త దుకాణం తెరిచినప్పుడు పేపరు ప్రకటన మర్యాదకు, నమ్మకానికి పనికి వస్తుంది. రోజువారీ అమ్మకానికి మాత్రం దాని ఖర్చు గిట్టదు.

కరపత్రాల విషయంలో సేవ నాణ్యత పూర్తిగా పంచే మనిషి మీద ఆధారపడి ఉంటుంది. మేము పని అప్పగించిన ఒక ఏజెంటు వేల లెక్కన డబ్బు తీసుకొని, కట్ట విప్పకుండానే కొంత భాగాన్ని పాత కాగితాలవాడికి చేర్చాడు. ఒక కిరాణా కొట్టులో మా కరపత్రాలతో పొట్లాలు కడుతుంటే సంగతి బయటపడింది. ఆ తరువాత తెల్లవారుజామున పేపర్లు పంచుకునే చోటికి మా మనిషి వెళ్లి, తన కళ్లముందే కరపత్రాలు పేపర్లలో పెట్టించడం మొదలుపెట్టాడు. ప్రాంతాన్ని బట్టి కరపత్రం అంచున వేరు వేరు రంగు పట్టీ వేయించి, దాన్ని తెచ్చినవారికి ఒక స్టీలు గరిటె ఇస్తామని ప్రకటించాం. కౌంటరు దగ్గర డబ్బాలో జమయ్యే రంగులను చూస్తే ఏ ప్రాంతం నుంచి జనం వస్తున్నారో తెలిసిపోతుంది. సుబేదారి వైపు పట్టీలు దాదాపు రాలేదు. పరకాల పట్టీలు మాత్రం డబ్బాలో అన్నింటికంటే ఎక్కువగా కనిపించాయి. కాగితం 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 70 గ్రాముల బరువు) మ్యాప్‌లిథో, అంటే మెరుపు లేని మామూలు తెల్ల కాగితం సరిపోతుంది, నున్నగా మెరిసే ఆర్ట్ పేపరుకు పెట్టే అదనపు ఖర్చు గరిటెలకు పెడితే మేలు.

ఇక గల్లీ మొదట్లో, మూల మీది మందుల దుకాణం యజమానికి నెలకు కొంత ఇచ్చి ఆయన గోడ మీద పెట్టించుకున్న బాణం గుర్తు బోర్డు. మూడడుగుల వెడల్పు, పసుపు మీద నల్ల అక్షరాలు, రాత్రి వెలగడానికి ఒక ఎల్‌ఈడీ పట్టీ. పైన చెప్పిన అన్నింటికంటే తక్కువ ఖర్చు దీనిదే, అయినా ‘బోర్డు చూసి వచ్చాం’ అని కొత్తవారు ఎక్కువగా చెప్పేది దీన్ని చూపించే. హోర్డింగు ఒప్పందాన్ని వచ్చే సీజన్‌కు పొడిగించడం లేదు. ఆ డబ్బులో కొంత పరకాల డిపో బస్సులకు, కొంత బస్టాండు నుంచి వచ్చే దారిలో ఇలాంటివే మరో రెండు బాణం బోర్డులకు కేటాయించాం. గోడల యజమానులతో మాట్లాడటం పూర్తయింది, కరెంటు మీటరు ఎవరి పేరు మీద ఉండాలన్నది మాత్రం తేలవలసి ఉంది.