పంటి ఫిల్లింగ్ కింది బాండ్: ఎచ్ అండ్ రిన్స్, సెల్ఫ్ ఎచ్ పద్ధతుల మన్నిక

పంటి రంగులో వేసే కాంపోజిట్ ఫిల్లింగ్ ఎన్నేళ్లు నిలుస్తుందన్నది చాలావరకు దాని కింద పూసే పలుచని బాండ్ పొర మీద ఆధారపడి ఉంటుంది. ఇందులో ప్రధానమైన పద్ధతులు రెండు: ఆమ్లం పూసి నీటితో కడిగేసే ఎచ్ అండ్ రిన్స్, కడగనవసరం లేని సెల్ఫ్ ఎచ్.

పంటి గట్టి పైపొర అయిన ఎనామెల్ మీద మొదటిదానిదే పైచేయి. 1955లో దంత పరిశోధకుడు మైఖేల్ బునోకోర్ చూపినట్లు, ఫాస్ఫారిక్ ఆమ్లం ఎనామెల్‌ను గరుకుగా మారుస్తుంది. అలా ఏర్పడిన సూక్ష్మరంధ్రాల్లోకి దిగి గట్టిపడిన రెజిన్ (బాండ్‌లోని జిగురు పదార్థం) ఏళ్ల తరబడి పట్టు వదలదు.

ఎనామెల్ కింద ఉండే డెంటిన్ సంగతి వేరు. అక్కడ ఆమ్లం ఖనిజాన్ని తొలగించాక బయటపడిన కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల అడుగుదాకా రెజిన్ చేరకపోతే, ఆ ఖాళీల్లో నీరు నిలిచి, డెంటిన్‌లోనే ఉండే ఎంజైములు పోగులను క్రమంగా ఛేదిస్తాయి. కడిగిన తర్వాత గాలి ఎక్కువ ఊదితే పోగులు ముడుచుకుపోతాయి, తడి ఎక్కువైతే రెజిన్ సరిగా గట్టిపడదు. ఇంత సున్నితమైన పనిలో ప్రతిసారీ ఒకే ఫలితం రాబట్టడం నిపుణులకు కూడా కష్టమే. 10-ఎం.డి.పి. అణువు ఉన్న, ఆమ్లత తక్కువైన రెండంచెల (ముందు ప్రైమర్ అనే ద్రవం, తర్వాత బాండ్ పూసే) సెల్ఫ్ ఎచ్ బాండ్ అయితే ఖనిజాన్ని కొంత మిగిల్చి, అందులోని కాల్షియంతో నీటికి తేలికగా కరగని రసాయనిక బంధం ఏర్పరచుకుంటుంది. అందుకే లోతైన కుహరాల్లో ఇదే మేలని నా అభిప్రాయం.

అయితే ఎనామెల్ అంచును దీని ఒక్కదానికే వదిలేస్తే కాలక్రమంలో అక్కడ రంగు మారే అవకాశం ఉంది. కాబట్టి అంచుకు మాత్రం ఫాస్ఫారిక్ ఆమ్లం పూసి కడిగి, ఆ తర్వాతే ప్రైమర్ రుద్దడం మంచిది.