పాపికొండల లాంచీ టూరు: పేరంటపల్లిలో ఆగేది అరగంటే, చూడాల్సింది మాత్రం చాలా

పాపికొండల టికెట్టు అమ్మేవాళ్లంతా కొండల ఫొటోలు చూపిస్తారు, లాంచీలో డాన్సులుంటాయంటారు, భోజనంలో ఎన్ని కూరలో లెక్కపెట్టి చెబుతారు. పేరంటపల్లి గురించి అడిగితే "గుడి ఉంటుందండీ, ఆపుతాం" అని తేల్చేస్తారు. రోజంతటిలో బాగుండేది ఆ ఊరే. నిర్వాహకులు సరిగ్గా పట్టించుకోనిదీ ఆ ఊరినే.

ఎటు నుంచి ఎక్కాలన్నది ముందు తేల్చుకోవాలి. రాజమండ్రి వైపు వాళ్లకు రేవు గండిపోచమ్మ గుడి దగ్గర. ఒకప్పుడు పట్టిసీమ, పురుషోత్తపట్నం నుంచే లాంచీలు కదిలేవి. పోలవరం దగ్గర గోదావరికి అడ్డుకట్ట పడ్డాక ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడు పొద్దున్నే రాజమండ్రిలో బస్సెక్కి గండిపోచమ్మ దాకా వెళ్లాలి. అక్కణ్నుంచి దేవీపట్నం, కచ్చులూరు మీదుగా ఎదురీదుతూ పోవాలి. పాపికొండల ఇరుకు దాటాకే పేరంటపల్లి వస్తుంది. అందుకే ఊరు చేరేసరికి మధ్యాహ్నమవుతుంది, లాంచీ నడిపే సరంగు కన్ను గడియారం మీదే ఉంటుంది. భద్రాచలం వైపు నుంచైతే కూనవరం మీదుగా వి.ఆర్.పురం మండలం పోచవరం రేవుకు రోడ్డు మీద వెళ్లాలి. రోడ్డు ప్రయాణం ఎక్కువ, నీటి ప్రయాణం తక్కువ. ఈ వైపు నుంచి ఊరే ముందు తగులుతుంది, కొండలు ఆ తర్వాత. ఊరి కోసం వెళ్లేవాళ్లకు పోచవరమే మేలు. నది మీద ఎక్కువసేపు తిరగాలనుకుంటే గండిపోచమ్మ వైపు వెళ్లండి.

వరద కాలంలో లాంచీలు తిప్పరు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు. అంతకు చాలా ముందే పర్యాటక బోట్లు ఆపేస్తారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. అందులోనూ కార్తీకమాసం ఆదివారాలు వదిలేయండి. ఎగువన వాన పడి టూరు రద్దయితే డబ్బు తిరిగిస్తారా, ఇంకో తేదీకి మారుస్తారా అన్నది అడ్వాన్సు కట్టకముందే రాయించుకోవాలి.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర లాంచీ మునిగి 51 మంది పోయాక తనిఖీలు గట్టిపడ్డాయి. అయినా మన జాగ్రత్త మనదే. లైఫ్ జాకెట్ చేతికిస్తే చాలదు, నడుం దగ్గర బకిల్ పడుతోందో లేదో చూసుకోవాలి. పిల్లలకు పెద్దవాళ్ల సైజు తగిలిస్తే నీళ్లలో అది మెడ మీంచి జారిపోతుంది, చిన్న సైజు అడిగి తీసుకోండి. కొండల ఇరుకు రాగానే పై డెక్కు మీదున్న జనమంతా ఫొటోల కోసం ఒకే పక్కకు ఎగబడతారు. లాంచీ ఒరిగేది అలాంటప్పుడే. ఆ సమయంలో మైకు పట్టుకున్న కుర్రాడు పాటలాపి జనాన్ని కూర్చోబెడితే అది బాధ్యత తెలిసిన లాంచీ. సర్వీసుకు ఎన్ని మార్కులివ్వాలో ఈ ఒక్కచోటే తెలిసిపోతుంది.

ఇక ఊరు. పేరంటపల్లిలో దిగడమే అసలు పని. నీటిమట్టాన్ని బట్టి ఒకరోజు మెట్ల దగ్గరికే లాంచీ వస్తుంది, ఇంకోరోజు ఒండ్రు మీద నడిచి గట్టెక్కాలి. వరద తీసిన కొత్తలో ఆ ఒండ్రు పైకి ఎండినట్టే ఉంటుంది, కాలేస్తే మడమ దాకా దిగిపోతుంది. వెనకాల పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి, హవాయి చెప్పులు బురదలోనే ఉండిపోతాయి. రెండు మూడు లాంచీలు ఒకేసారి వస్తే వాటిని పక్కపక్కనే కట్టేస్తారు. అప్పుడు ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దాటి దిగాలి, జనమంతా ఒకే బల్ల మీద నడవాలి. ముప్పై నిమిషాల్లో పది అక్కడే పోతాయి. ఊరు దగ్గర పడుతుండగానే కింది డెక్కులో ముందు భాగానికి వచ్చి నిలబడితే ఆ పది నిమిషాలూ మిగులుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను మాత్రం రద్దీ తగ్గాకే దింపండి.

మెట్లెక్కితే రామకృష్ణ మునివాటం. బాలానంద స్వామి నెలకొల్పిన ఆశ్రమం, లోపల శివాలయం. నీడ, నిశ్శబ్దం, పక్కనే కొండ మీంచి దిగే సెలయేరు. లాంచీ స్పీకర్ల మోత తర్వాత ఇది చెవులకు ఎంత హాయో చెప్పలేం. అందరూ బిలబిలా లోపలికెళ్లి బిలబిలా బయటికొస్తారు. మొదట వెదురు బొమ్మల దగ్గరికెళ్లి, గుంపు అటు మళ్లాక గుడికి వెళితే రెండూ తీరిగ్గా చూడొచ్చు.

ఇక్కడ ఉండేది కొండరెడ్లు. వెదురుతో పూలకుండీలు, పెన్ను స్టాండులు, గిలకలు, వెదురు పేళ్లను సన్నగా చీరి రంగులద్దిన పూలు అమ్ముతారు. పనితనం బాగుంటుంది, ధర తక్కువ, కాబట్టి పది రూపాయల కోసం గీచి గీచి బేరమాడకండి. చూసుకోవాల్సింది ధర కాదు, వెదురు ఆరిందా లేదా అన్నది. ఒకే సైజువి రెండు చేతుల్లోకి తీసుకుంటే బరువుగా ఉన్నది పచ్చిది. ఇంటికెళ్లాక ఆరుతున్నకొద్దీ నిలువునా పగులుతుంది, లోపల బూజు పడుతుంది. సూదిమొనంత రంధ్రాలుండి, అరచేతిలో తట్టగానే సన్నని పిండి రాలిందంటే పుచ్చుపురుగు పట్టినట్టే, పక్కన పెట్టేయండి. వెదురులో ఉండే పిండిపదార్థం కోసమే ఆ పురుగు చేరుతుంది. కొన్న వస్తువును రెండు మూడు వారాలు నీడలో గాలి తగిలేలా ఉంచి, తర్వాత లోపలా బయటా వార్నిష్ వేయాలి. ఎండలో పెట్టారో, వారం తిరక్కుండానే చీలిక వస్తుంది. నీళ్లు పోసి పూలు పెట్టాలంటే కుండీలో గాజు గ్లాసు దింపి అందులో పెట్టండి.

ఫోన్ పేని నమ్ముకుని వెళ్లకండి, సిగ్నల్ ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. పది, ఇరవై, యాభై నోట్లు దగ్గరుంచుకోవాలి. వాళ్లు మాట్లాడేది తెలుగే, అడిగి ఫొటో తీసుకోవడం కష్టమేం కాదు. అయినా ఇళ్ల గుమ్మాల్లోకి తొంగిచూసి సెల్ఫీలు దిగేవాళ్లు, పిల్లల మీదికి చాక్లెట్లు విసిరేవాళ్లు ప్రతి లాంచీలోనూ ఉంటారు. దిగేముందు ఈ రెండు ముక్కలు మైకులో చెప్పించడం నిర్వాహకులకు పైసా ఖర్చు లేని పని, చెప్పేవాళ్లు మాత్రం తక్కువ. ఈ కొండలు 2008 నుంచి జాతీయ పార్కు. నీళ్ల సీసాలు, ప్లాస్టిక్ ప్లేట్లు తిరిగి లాంచీలోకే రావాలి.

బొంగు చికెన్ దొరికితే, బొంగు నిప్పుల మీద ఉందా, కాల్చి పక్కన పేర్చారా చూసి కొనండి. చల్లారినదాన్ని మళ్లీ కాలిస్తే ముక్క పీచులా సాగుతుంది, వెదురు వాసనా పోతుంది.

ఊరున్న వేలేరుపాడు మండలం పోలవరం ప్రాజెక్టు ముంపు మండలం. ప్రాజెక్టు జలాశయంలో తొలి దశలో 41.15 మీటర్లు, పూర్తిగా నింపితే 45.72 మీటర్ల మట్టానికి నీళ్లు నిలుస్తాయి. పాత ఫొటోల్లోని ఇళ్లు, దుకాణాలు అలాగే ఉంటాయనుకుని వెళ్లకండి.

బుకింగుకు ఫోన్ చేసినప్పుడు మెనూ అడగడం మాని, "పేరంటపల్లిలో లాంచీ ఎంతసేపు ఆపుతారు? తిరిగి ఎన్నింటికి తీస్తారు?" అని అడగండి. ముప్పావుగంటకు తక్కువైతే ఇంకో లాంచీ వెతుక్కోవాలి. చీకటి పడ్డాక రేవు చేరుతామని చెప్పేవాళ్ల లాంచీ అసలు ఎక్కకూడదు.