హాట్ కటింగ్ మెషిన్: స్పీడ్ కాదు, బస్తా మూతి చూసి కొనండి

పీపీ (పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్) బస్తాల కటింగ్ మెషిన్ అమ్మేవాళ్లు ముందుగా చెప్పేది నిమిషానికి ఎన్ని ముక్కలు కోస్తుందనే. కొనేవాళ్లం కూడా అదే అడుగుతాం. ఒకే ఆటోమేటిక్ హాట్ కటింగ్ మెషిన్‌ని ఏళ్ల తరబడి రెండు షిఫ్టుల్లో నడిపాక నేను గట్టిగా చెప్పగలను, ఆ లెక్క అన్నిటికంటే చివర అడగాలి. ముందు తేల్చుకోవాల్సినవి రెండున్నాయి. కోసిన బస్తా మూతి చేయి పెట్టగానే విడుతుందా? రోల్ మొదట్లో వచ్చిన పొడవే రోల్ చివర్లోనూ వస్తుందా?

మాది విజయవాడ ఆటోనగర్‌లో చిన్న యూనిట్. గుడ్డ నేసే సొంత లూమ్‌లు లేవు. ట్యూబ్ ఫ్యాబ్రిక్ (గొట్టంలా నేసిన గుడ్డ) రోల్స్ తెప్పించుకుని, ప్రింట్ చేయించి, కోసి, అడుగు కుట్టి ఇస్తాం. రైస్ మిల్లుల సంచులు, కైకలూరు, భీమవరం వైపు వెళ్లే రొయ్యల మేత బస్తాలు, కొంత ఎరువుల పని. గుంటూరు మిర్చి ఎక్కువగా గోనె టిక్కీల్లోనే వెళ్తుంది కాబట్టి ఆ పని మాకు తక్కువ. మెషిన్ అహ్మదాబాద్ నుంచి వచ్చింది. కంపెనీ పేరు రాయను, ఎందుకంటే ఇక్కడ చెప్పేవి ఈ తరహా మెషిన్లన్నిటికీ వర్తిస్తాయి.

వేడి బ్లేడుతో కోయడానికి కారణం తెలిసిందే. లామినేషన్ (పైన పల్చటి ప్లాస్టిక్ పూత) లేని గుడ్డని మామూలు కత్తితో కోస్తే అంచున పోగులు లేస్తాయి. పాలీప్రొపిలీన్ 160–165 డిగ్రీల దగ్గర కరుగుతుంది. బ్లేడు అంతకంటే బాగా వేడిగా ఉంటే కోసిన చోటే అంచు కరిగి పోగులు అతుక్కుపోతాయి. చిక్కంతా అక్కడే ఉంది. గుడ్డ ట్యూబ్ కాబట్టి పై పొర, కింది పొర కూడా ఒకదానికొకటి అతుక్కుంటాయి. అడుగు వైపు అతుక్కున్నా నష్టం లేదు, మడిచి కుట్టేస్తాం. మూతి అతుక్కుంటే మాత్రం నింపే చోట మనిషి ఆగిపోతాడు. లేదంటే మన దగ్గరే ఆడవాళ్లు కూర్చుని ఒక్కో మూతి విప్పాలి. నిమిషానికి ఎన్ని ముక్కలన్న లెక్క ఆ కూలీలో కొట్టుకుపోతుంది.

అందుకే ట్రయల్‌కి వెళ్లేటప్పుడు వాళ్ల గుడ్డ చూడకండి, మీ గుడ్డే తీసుకెళ్లండి. పల్చటి రోల్ ఒకటి, మందపాటి లామినేషన్ రోల్ ఒకటి, గస్సెట్ (పక్కల లోపలికి మడత) ఉన్నది ఒకటి. గస్సెట్ తప్పనిసరి. దానికి పక్కల నాలుగు పొరలు, మధ్యలో రెండే పొరలు ఉంటాయి. నాలుగు పొరలు తెగేంత వేడి పెడితే మధ్యలో కరుగు ఎక్కువవుతుంది, తగ్గిస్తే పక్కల సరిగ్గా తెగదు. ఈ బస్తా ఫుల్ స్పీడ్‌లో శుభ్రంగా తెగి, మూతి విడితే మిగతావాటి గురించి బెంగ అక్కర్లేదు. కోసిన వెంటనే చూసి సంతోషపడొద్దు. కుప్పలో పేర్చి, పూర్తిగా చల్లారనిచ్చి, అప్పుడు చేత్తో విప్పి చూడండి. మూతి విడదీసే ఏర్పాటు మెషిన్‌లో ఉందో లేదో, ఉంటే మీ గుడ్డ మీద పనిచేస్తుందో లేదో అక్కడే తేలుతుంది.

బీవోపీపీ ఫిల్మ్ (ప్రింట్ వేసిన పల్చటి ప్లాస్టిక్ పొర) అతికించిన బియ్యం సంచులకు కోల్డ్ కటింగే, అంటే వేడి లేని బ్లేడుతో కోయడమే మేలు. లామినేషన్ ఉంటే పోగులు అంతగా లేవవు, వేడితో కోస్తే అంచు గట్టిపడి చేతికి గుచ్చుకుంటుంది. రెండు రకాల పనీ ఉన్నవాళ్లు రెండు బ్లేడులూ ఉన్న మెషిన్ తీసుకుంటేనే డబ్బుకి న్యాయం.

పొడవు సంగతి ఇంకా ముఖ్యం. బస్తాకి ఒక సెంటీమీటరు ఎక్కువ పోతే లక్ష బస్తాల మీద కిలోమీటరు గుడ్డ పోయినట్టే. తక్కువ వస్తే నింపాక మూతి కుట్టడానికి గుడ్డ చాలదు, మిల్లు నుంచి సరుకు వెనక్కి వస్తుంది. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ వచ్చాక, చాలా మిల్లులు 26 కిలోల సంచికి మారాయి. అప్పటి నుంచి మాకు ఒకే రోజు రెండు మూడు సైజులు మార్చాల్సి వస్తోంది. సర్వో ఫీడ్ (చెప్పినంత పొడవే గుడ్డని లాగే మోటారు) ఉండబట్టి స్క్రీన్ మీద అంకె మారిస్తే సరిపోతోంది. పొడవుని చేత్తో సెట్ చేయాల్సిన పాత క్రాంక్ మెషిన్లతో ఈ పని నెగ్గుకురావడం కష్టం.

అయితే సర్వో ఉన్నంత మాత్రాన పొడవు నిలబడదు. గుడ్డని లాగే రబ్బరు రోలర్లు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి నున్నబడతాయి. లామినేషన్ గుడ్డ వాటి మధ్య జారుతుంది, మోటారు మాత్రం సరిగ్గానే తిరిగాననుకుంటుంది. రోల్ పెద్దగా ఉన్నప్పుడు ఒక టెన్షన్, కోర్ (రోల్ మధ్య గొట్టం) దగ్గరికొచ్చేసరికి ఇంకొకటి. మేం ప్రతి రోల్‌కీ మొదట్లో, మధ్యలో, చివర్లో బస్తాలు తీసి కొలుస్తాం. మొదటికీ చివరికీ తేడా వస్తే డాన్సర్ రోలర్ (గుడ్డ బిగువుని సమంగా ఉంచే కదిలే రోలర్), రోల్ బ్రేకు చూస్తాం. మూడు చోట్లా ఒకే తీరుగా పొట్టిగా వస్తే రబ్బరు రోలర్లు చూస్తాం. ప్రింట్ ఉన్న గుడ్డ అయితే ఫోటోసెల్ (ప్రింట్ మార్కుని చదివే సెన్సార్) కూడా చూడాలి. లెన్స్ మీద దుమ్ము పట్టినా, మెరిసే ఫిల్మ్ మీద వెలుతురు తిరిగి కొట్టినా మార్కు తప్పుగా చదువుతుంది. సెన్సార్‌ని కొంచెం వాలుగా బిగిస్తే ఆ మెరుపు గొడవ చాలావరకు తగ్గింది.

బ్లేడు దగ్గర రోజూ పని ఉంటుంది. కరిగిన ప్లాస్టిక్ మాడిన పెనంలా నల్లగా పేరుకుంటుంది, తర్వాత తెల్ల గుడ్డ అంచుకి ఆ నలుపు అంటుతుంది. బ్లేడు వేడిగా ఉండగానే ఇత్తడి బ్రష్‌తో తుడవాలి. స్టీలు బ్రష్ వాడితే గీతలు పడి ఇంకా ఎక్కువ పేరుకుంటుంది. క్యాల్షియం ఫిల్లర్ ఎక్కువ కలిపిన గుడ్డకి బ్లేడు త్వరగా అరుగుతుంది, దుమ్మూ ఎక్కువే. చౌక రోల్ కొనేటప్పుడు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

బస్తా ఒక పక్క బాగా తెగి ఇంకో పక్క పోగులు లేస్తుంటే చాలామంది టెంపరేచర్ పెంచేస్తారు. అలా చేయకండి. సాధారణంగా ఒక హీటరు పోయి ఉంటుంది. పెంచితే మంచి పక్క మూతి అతుక్కోవడం మొదలవుతుంది. థర్మోకపుల్ (వేడిని కొలిచే తీగ) మార్చినప్పుడు కే టైపా, జే టైపా అన్నది కంట్రోలర్ సెట్టింగ్‌తో కలవాలి. కలవకపోతే స్క్రీన్ చూపించే డిగ్రీలకి అర్థం ఉండదు.

నేను అన్నిటికంటే ఎక్కువ పట్టించుకునేది ఇది: కరెంటు పోతే, బ్లేడుని కదిలించే గాలి ప్రెషర్ పడిపోతే బ్లేడు ఎక్కడ నిలుస్తుంది? గుడ్డ మీద ఆగిపోతే గుడ్డ కరిగి నిప్పంటుకునే ప్రమాదం ఉంది, చుట్టూ ఉన్నదంతా తగలబడే సరుకే. బ్లేడు దానంతట అదే పైకి లేచే మెషినే కొనండి, ట్రయల్‌లో మెయిన్ ఆపించి మీ కళ్లతో చూడండి. హీటర్లకి కరెంటు ఇచ్చి ఆపే సాలిడ్ స్టేట్ రిలే చెడిపోయినప్పుడు ఎక్కువగా ఆన్‌లోనే ఉండిపోతుంది. కంట్రోలర్ ఆపమన్నా వేడి ఆగదు. అందుకని విడిగా హై లిమిట్ కట్ ఆఫ్ (వేడి హద్దు దాటితే ఆపేది), దానికో కాంటాక్టర్ (పెద్ద కరెంటుని తెంచే స్విచ్) పెట్టించాం. దీనికయ్యే ఖర్చు మెషిన్ ధరలో చాలా తక్కువ, పనివాళ్ల ప్రాణాలతో పోలిస్తే అసలు లెక్కే కాదు.

మన కృష్ణా తీరపు ఉక్కకి కంప్రెసర్ గాలిలో నీళ్లు ఎక్కువ. ఫిల్టర్ బౌల్‌లో చేరిన నీళ్లు రోజూ వంచకపోతే సిలిండర్ సీళ్లు, వాల్వులు పాడై బ్లేడు కదలిక మందగిస్తుంది. గాలి పొడిబారిన రోజుల్లో స్టాటిక్ (రాపిడితో పుట్టే కరెంటు) వల్ల బస్తాలు ఒకదానికొకటి పట్టుకుని కన్వేయర్ మీద చెదిరిపోతాయి. ఎర్తింగ్ సరిగ్గా ఉంటే కొంత నయం, యాంటీ స్టాటిక్ బార్ ఉంటే ఇంకా నయం.

మెషిన్ పనితనం మీద నాకు ఫిర్యాదు లేదు, అమ్మిన కంపెనీ సర్వీసు మీద ఉంది. పీఎల్‌సీకి (మెషిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్) పాస్‌వర్డ్ పెట్టి ఇచ్చారు. చిన్న మార్పుకి కూడా వాళ్ల మనిషి వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. కొనేముందే ప్రోగ్రామ్ బ్యాకప్, సర్వో డ్రైవ్ పారామీటర్ల షీటు ఇస్తామని ఆర్డర్‌లో రాయించుకోండి. సెకండ్ హ్యాండ్ అయితే ఈ కాగితాలు లేకుండా అడ్వాన్స్ ఇవ్వకండి.

మిగతా రిపేర్లకు ఆటోనగర్ మనకి పెద్ద దన్ను. బ్లేడు గ్రైండింగ్, బేరింగులు, షాఫ్టులు ఇక్కడే అయిపోతాయి. హీటర్లు, థర్మోకపుల్, టెఫ్లాన్ పట్టీ, సిలిండర్ సీల్ కిట్, ఒక ఫోటోసెల్, ఇంకో బ్లేడు మాత్రం ఎప్పుడూ మా రాక్‌లో ఉండాల్సిందే. ఒకటి వాడితే ఆ సాయంత్రమే ఇంకొకటి ఆర్డర్ పెడతాం.