పాత డయల్ ఫోన్లు బాగుచేసి వాడటం: ఏళ్ల తరబడి చేశాక నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఈ పనిలోకి కొత్తగా దిగేవాళ్లకి నా సలహా ఏటంటే మెరిసేదాన్ని కొనకండి, మోగేదాన్ని కొనండి, మోగకపోయినా కనీసం లోపల సామానంతా ఉన్నదాన్ని కొనండి. మాది ఒడిశాలో, ఆంధ్రా సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడి. హాల్లో ఒకటి, మేడ మీద ఒకటి, వీధి చివర మా బావ బట్టల కొట్లో ఒకటి, మూడూ బేకలైట్ అనే పాతకాలం ప్లాస్టిక్‌తో చేసిన నల్ల డయల్ ఫోన్లు, మూడూ రోజూ వాడకంలో ఉన్నవే. ఇవి కాక అలమారా నిండా ఇంకా ఉన్నాయి, కొన్ని పార్టుల కోసం, కొన్ని ఎప్పటికైనా చేద్దామని, మా ఆవిడ లెక్కలో అయితే అన్నీ తుక్కే. వాడీ వాడీ ఏది పనికొచ్చిందో ఏది డబ్బు దండగో ఇప్పటికి బాగానే తెలిసింది కాబట్టి రాస్తున్నా.

మొదటి ఫోనుగా ఐటీఐ నల్ల ఫోన్‌ని మించింది లేదు. ఐటీఐ అంటే ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్, బెంగళూరు దూరవాణినగర్ ఫ్యాక్టరీ, 1948లో పెట్టింది, ఆ తర్వాత చాలా ఏళ్లు ఏ ఆఫీసులో చూసినా వాళ్ల ఫోనే, అందుకే ఇటు బరంపురంలో అయినా అటు పలాస, శ్రీకాకుళం వైపైనా పాత సామాన్ల కొట్లో కాస్త ఓపిగ్గా అడిగితే ఏ మూల నుంచో బయటకి తీస్తారు. ఒకే మోడల్ అయితే ఒకదాని పార్టు ఇంకోదానికి పట్టేస్తుంది, కొత్తవాళ్లకి అంతకంటే ఏం కావాలి. ఆన్‌లైన్‌లో యాంటిక్ అనీ విక్టోరియన్ అనీ పేర్లు పెట్టి అమ్మే ఇత్తడి ఫోన్లు మాత్రం వదిలెయ్యండి, వాటిల్లో చాలావరకు ఈమధ్య తయారైనవే, డ్రాయింగ్ రూమ్‌లో పెట్టుకోవడానికి ఓకే, బాగుచెయ్యడానికి లోపల ఏమీ ఉండదు. అతుకుల ఫోన్లని ఇంకో రకం ఉంది, బాడీ ఒకదానిది, డయల్ ఇంకోదానిది, అడుగు రేకు మూడోదానిది, పైన ఎర్రరంగో పచ్చరంగో స్ప్రే కొట్టి రేటు డబుల్ చేస్తారు. అలాంటిది పట్టుకోవాలంటే స్క్రూలు చూడండి, పెయింటు స్క్రూ గాడిలోకి దిగి ఉంటే విప్పకుండానే రంగేశారని అర్థం, లోపల ఎవరూ ఏమీ బాగుచెయ్యలేదని కూడా అర్థం. బయటి దేశం ఫోన్ తెప్పించుకునేవాళ్లు డయల్ మీద అంకెల వరస చూసుకోండి, న్యూజిలాండ్ డయళ్లు తిరగేసి ఉంటాయి, అక్కడ 1 తిప్పితే తొమ్మిది పల్సులు, అంటే లైన్ తెగి కలవడాలు, వెళ్తాయి, మనకి ఒకటే వెళ్లాలి.

ఇంటికి తెచ్చిన వెంటనే అందరూ చేసేది గుడ్డా పాలిషూ పట్టుకుని రుద్దడం. ఆగండి. ముందు మల్టీమీటర్, అది కూడా ముల్లు ఉన్న పాత రకం అయితే ఈ పనికి డిజిటల్ కంటే నయం. ఫోన్‌ని లైన్‌కి కలపకుండా, రిసీవర్ పెట్టే ఉంచి, రెండు వైర్ల మీద మీటర్ పెడితే ముల్లు ఒక్కసారి లేచి మళ్లీ వెనక్కి పడిపోవాలి, గంటతో వరసలో ఉన్న కెపాసిటర్ ఛార్జ్ అయ్యి ఆగిందన్నమాట. వెనక్కి రాకుండా మధ్యలో నిలబడిపోయిందంటే కెపాసిటర్ లీకవుతోంది, పాత కాగితం కెపాసిటర్లు మన తేమకి అలాగే పోతాయి, అలాంటి ఫోన్ లైన్‌కి పెడితే రిసీవర్ ఎత్తకపోయినా ఎత్తినట్టే ఎక్స్‌చేంజ్‌కి కనిపించొచ్చు. 2 మైక్రోఫారడ్లు, కనీసం 250 వోల్టుల ఫిల్మ్ కెపాసిటర్ వేస్తే సరి, చాలా చవక, పాత డబ్బా వైర్లు ఊడదీసి దాన్ని అక్కడే ఉంచెయ్యండి, చూడ్డానికి లోపల అలాగే బాగుంటుంది. తర్వాత రిసీవర్ ఎత్తి చూస్తే కొన్ని వందల ఓమ్‌లు చూపించాలి, మైకులో ఊదితే ముల్లు ఊగాలి. ఊగిందా, సగం ఫోన్ బతికే ఉంది.

ఒక జాగ్రత్త. లైన్ మీద మామూలుగా 48 వోల్టుల డీసీ ఉంటుంది, అది పెద్దగా తెలీదు, కానీ సరిగ్గా వేలు టెర్మినల్ మీద ఉన్నప్పుడు కాల్ వచ్చిందంటే 75 వోల్టులో ఇంకా ఎక్కువో ఏసీ వస్తుంది. మూత తీసేముందు వైర్ ఊడదియ్యండి.

ఇంక డయల్. నన్నడిగితే ఈ హాబీ మొత్తం డయల్‌లోనే ఉంది. మీరు వేలు పెట్టి తిప్పుతున్నంతసేపు ఏమీ జరగదు, వదిలాక అది వెనక్కి వచ్చేటప్పుడు కాంటాక్టులు తెరుచుకుని మూసుకుని లైన్‌ని తెంపి తెంపి కలుపుతాయి, సెకనుకి పది సార్లు, ప్రతిసారీ ఇంచుమించు రెండొంతులు తెరిచి ఒకవంతు మూసి. ఆ వేగం నిలిపేది వెనకాల ఉండే గవర్నర్, చిన్న కప్పులో తిరిగే రెండు బరువులు, వేగం పెరిగితే అవి బయటికి విచ్చుకుని కప్పు గోడని రాసుకుని బ్రేక్ వేస్తాయి. అందుకే ఆ కప్పులోకి నూనె పోకూడదు, పోతే బ్రేక్ పట్టక డయల్ పరిగెడుతుంది. ఇరుసుల దగ్గర మాత్రం గడియారాల వాళ్లు వాడే నూనె సూది మొనతో ఒక్క చుక్క. తుప్పు వదలగొట్టే డబ్ల్యూడీ 40 స్ప్రే కొట్టేవాళ్లు ఉన్నారు, ఆ రోజుకి గిర్రున తిరుగుతుంది, కొన్నాళ్లకి దుమ్ము పట్టి జిగురైపోయి సున్నా సగంలో ఆగిపోతుంది. దానికి నేను మార్కులు ఇవ్వను, తుప్పు పట్టిన అడుగు స్క్రూలు విప్పడానికి తప్ప.

మా వీధిలో రిటైరైన లైన్‌మేన్ ఒకాయన ఉన్నారు, ఒడియా ఆయన, మేమంతా మౌసా అంటాం, ఆయన తెలుగు మా ఊరి తెలుగే, ఏ వాక్యంలో ఏ భాష ఎక్కడ మొదలవుతుందో చెప్పలేం. డయల్ చేతికిస్తే కళ్లతో చూడరు, చెవి దగ్గర పెట్టుకుని సున్నా తిప్పి వదులుతారు. "ఇది పరిగెడతంది బాబూ" అంటారు, లేదంటే "ఇది నిద్దరోతంది" అంటారు, అంతే, పక్కన పెట్టేస్తారు. నాకంత చెవి లేదు కాబట్టి మొబైల్‌లో రికార్డ్ చేసి కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే సౌండ్ ప్రోగ్రామ్‌లో పెట్టి చూస్తా, సున్నాకి పది గీతలు నిటారుగా కనిపిస్తాయి, పదీ కలిపి సెకను అటూఇటూగా ఉండాలి, గీతల మధ్య ఎడం ఒకేలా ఉండాలి. ఒక గీత మొద్దుగానో రెండు ముక్కలుగానో కనిపిస్తే కాంటాక్ట్ మురికి. దానికి గరుకు కాగితం వద్దు, పైపూత పోతుంది, మామూలు తెల్ల కాగితం ముక్కకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడి చేసి కాంటాక్టుల మధ్య పెట్టి మెల్లగా లాగితే నల్లటి చార వస్తుంది, చార రావడం ఆగేదాకా లాగడమే. మౌసా చెప్పిన వేగమూ కంప్యూటర్ చెప్పిన వేగమూ తేడా వచ్చిన ఫోన్ నాకింకా తగల్లేదు, వచ్చినా నేను మౌసా మాటే నమ్ముతా.

గంట పని సులువు, పైగా సరదా. చాలా ఫోన్లలో గిన్నెలకి కన్నం సరిగ్గా మధ్యలో ఉండదు, కావాలనే కాస్త పక్కకి పెడతారు, మధ్య స్క్రూ వదులు చేసి గిన్నెని తిప్పితే అంచు సుత్తికి దగ్గరవుతుంది, దూరమవుతుంది. సుత్తి ఆగి ఉన్నప్పుడు గిన్నెకి తగలకూడదు, తగిలితే ట్రింగ్ అనేచోట టక్ అంటుంది. వెంట్రుక మందం సందు వదిలితే గంట విడిచిపెట్టినట్టు మోగుతుంది. మా బావ కొట్లో బేరం నడుస్తుండగా మోగితే గిరాకీలు ఉలిక్కిపడతారు, బావకి అదే ఇష్టం.

మైకు గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. మాట వినపడట్లేదని పాత కార్బన్ మైకు తీసేసి కొత్త ఎలక్ట్రెట్ ముక్క పెట్టుకోమని వీడియోల్లో చెప్తుంటారు. తొందరపడకండి. లోపల రవ్వలా ఉండే కార్బన్ పలుకులు తేమకి గడ్డకట్టి ఉంటాయి, మైకు గుళికని బయటకి తీసి, డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్లతో కొన్నాళ్లు మూసి పెట్టి, తర్వాత అరచేతికేసి మెల్లగా తడితే చాలావాటికి గొంతు తిరిగొస్తుంది. ఆ కాస్త గరగర ఉన్న గొంతే కదా మనం దీనిలో వెతుక్కునేది. మా పక్క జూన్‌లో వానలు మొదలైతే అక్టోబర్ దాకా గోడలే చెమర్చుతాయి కాబట్టి ఈ పని ఎండాకాలంలో పెట్టుకోవడం మంచిది. చెవి వైపు గుళికలో పలుచని ఇనుప బిళ్ల అయస్కాంతానికి అంటుకుని ఉంటే పైకి పీకకండి, పక్కకి జరిపి తియ్యండి, వంగిందంటే శబ్దం పోయినట్టే.

ఇన్ని అయ్యాక అప్పుడు పాలిష్. బేకలైట్ అంటే లియో బేక్‌లాండ్ 1907లో చేసిన ప్లాస్టిక్, వేడికి కరగదు, కానీ ఎండకి పై పొర చచ్చి గోధుమ రంగు తేలుతుంది. సబ్బు నీళ్లతో తుడిచి, ఆరనిచ్చి, ఇత్తడి సామాన్లకి వాడే బ్రాసో మెత్తటి బట్టకి కొంచెం, ఆఖర్న నల్ల బూట్ పాలిష్ పల్చగా. ఇంతే, దీనికి ఖరీదైన విదేశీ పేస్టులు తెప్పించి చూశా, తేడా నాకైతే కనపడలేదు. పొడిగా గరుకు కాగితం పెట్టి రుద్దొద్దు, పాత బేకలైట్‌లో రంపపు పొట్టు కలుపుతారు, కొన్నిట్లో ఆస్బెస్టాస్ కూడా కలిపేవారు, ఆ దుమ్ము పీల్చకూడదు. రుద్దక తప్పదనుకుంటే తడిపి రుద్దండి. బేకలైట్ కాని తెల్ల, దంతం రంగు ఏబీఎస్ ఫోన్ల దగ్గరికి అసిటోన్ తీసుకెళ్లొద్దు, కరిగిపోతాయి.

నేను తక్కువ మార్కులు వేసేది వైర్లకి. గుడ్డ అల్లిన పాత తాడు చివికిపోయి ఉంటుంది, అసలైన దానికి పోలిక ఉన్నది విదేశాల నుంచి తెప్పిస్తే ఫోన్ ధర కంటే తాడు ధర ఎక్కువ. ఇస్త్రీపెట్టె గుడ్డ వైర్ వేసేవాళ్లు ఉన్నారు, దూరం నుంచి చూస్తే పర్లేదు కానీ బిరుసు, రిసీవర్ పెట్టినప్పుడల్లా ఫోన్‌ని పక్కకి లాగుతుంది. పాత తాడులో ఉండేది మామూలు తీగ కాదు, దారం మీద రేకులాంటి సన్నటి రాగి చుట్టి ఉంటుంది, అందుకే అంత మెత్తగా ఉండి అన్నేళ్లు వంగినా తెగదు, దానికి సోల్డర్ పెట్టబోతే లోపల దారం కాలిపోతుంది, చివర ఇత్తడి కొక్కెం పెట్టి నొక్కాల్సిందే. చివర మాత్రమే పాడైన తాడు అయితే కాస్త కత్తిరించి కొత్త కొక్కెం నొక్కి వాడేస్తా, పొట్టిదైనా నాకు పర్లేదు.

లైన్ సంగతి. మా వీధిలో రాగి తీగ తీసేసి ఫైబర్ వచ్చాక అందరికీ ఎదురయ్యే తంటా ఇదే, మోడెంకి పాత ఫోన్ తగిలిస్తే డయల్ టోన్ వస్తుంది, కాల్ వస్తే గంట మోగుతుంది, నంబర్ తిప్పితే మాత్రం ఆ డయల్ టోనే అలాగే వాయించుకుంటూ పోతుంది, ఎందుకంటే చాలా మోడెంలకి డయల్ పంపే పల్స్ అర్థం కాదు, బటన్ ఫోన్ పంపే టోనే అర్థమవుతుంది. కంప్లయింట్ ఇస్తే వచ్చిన కుర్రాడు డయల్ ఫోన్ ఎప్పుడూ తిప్పలేదట, పాపం వాడు కంప్లయింట్ సంగతి మర్చిపోయి సెల్ఫీ తీసుకుని వెళ్లాడు. దీనికి పల్స్‌ని టోన్‌గా మార్చే చిన్న బోర్డు పెట్టుకోవచ్చు, లేదా మామూలు ఫోన్‌ని ఇంటర్నెట్‌కి కలిపే గ్రాండ్‌స్ట్రీమ్ హెచ్‌టీ 801 లాంటి బాక్స్, సెట్టింగుల్లో పల్స్ డయలింగ్ ఆన్ చేస్తే చాలు. నాకు హాల్లోంచి మేడ మీదకి మాట్లాడుకోవడానికి ఈ బాక్సులూ, రాస్ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ మీద ఎక్స్‌చేంజ్ పని చేసే ఆస్టరిస్క్ ప్రోగ్రామూ, సెటప్ చెయ్యడం తలనొప్పే, ఒకసారి అయ్యాక మళ్లీ ముట్టుకోలేదు. గంట నీరసంగా మోగితే సుత్తి దగ్గర స్ప్రింగ్ బిగువు కొంచెం తగ్గించండి, ఈ బాక్సులు ఇచ్చే కరెంటు పాత ఎక్స్‌చేంజ్ అంత ఉండదు. ఇంకోటి, తెలుగు కోసం ఒకటి నొక్కండి అనే బ్యాంకు ఫోన్లకి దీన్ని నమ్ముకోకండి, స్టార్ లేదు హ్యాష్ లేదు. కరెంటు పోతే పాత రాగి లైన్ ఎక్స్‌చేంజ్ బ్యాటరీల మీద నడిచేది, ఫైబర్‌కి మోడెం బతికుండాలి కాబట్టి చిన్న యూపీఎస్ తప్పదు, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను చూసినవాళ్లకి ఇది విడిగా చెప్పక్కర్లేదు.

ఇవన్నీ గొడవనుకుంటే మాగ్నెటో ఫోన్ల జత వెతకండి, డయల్ ఉండదు, పక్కన హ్యాండిల్ ఉంటుంది, తిప్పితే అవతల గంట మోగుతుంది. మనకి మొదటి ఎస్‌టీడీ 1960లో కాన్పూర్, లక్నోల మధ్య వచ్చింది, అంతకుముందు పక్క ఊరికైనా ఆపరేటర్‌ని పిలిచి ట్రంక్ కాల్ బుక్ చేసుకోవాల్సిందే, ఆ కాలం ఫోన్లివి. వీటికి ఎక్స్‌చేంజ్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, రెండు ఫోన్లు, మధ్యలో రెండు తీగలు, ఒక్కోదాంట్లో మాట కోసం ఒకటిన్నర వోల్టుల సెల్స్ రెండు. మా పెరట్లో గోడౌన్‌కీ ఇంటికీ మధ్య ఇదే, ఒకసారి తిప్పితే భోజనానికి రమ్మని, రెండుసార్లు తిప్పితే ఎవరో వచ్చారని. లోపల గుర్రపు నాడా అయస్కాంతాలు మాత్రం విప్పొద్దు, విప్పితే బలం తగ్గుతాయి. హ్యాండిల్ తిప్పేటప్పుడు తీగలు పట్టుకోవద్దు, జిల్లుమంటుంది. సెల్స్ వానాకాలం ముందు మార్చెయ్యండి, కారాయంటే ఇత్తడి క్లిప్పులు పచ్చగా తినేస్తాయి, నావి రెండు అలాగే పోతున్నాయి, ఆ సైజు క్లిప్పులు ఇటు బరంపురంలో గానీ అటు శ్రీకాకుళంలో గానీ దొరకడం లేదు, ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, డబ్బులిచ్చే తీసుకుంటా.